సుచరిత ముఖం కడుక్కుంది

ఈ భూమండలం మీద ఎవరి ముఖం వారే కడుక్కోవలసి ఉన్నది. రాజ్యాలు పోయినా, కర్నూలు కొన్నాళ్ళు రాజధానిగా వెలిగి ఆ తర్వాత ఆ ముచ్చట మరిచిపోయినా, ఈ ఒక్క ధర్మం మాత్రం చెక్కుచెదరలేదు. తెలుగువాడు ఈ ధర్మాన్ని క్రియ చివర చిన్న ‘కొను’ తగిలించి వినయంగా ఒప్పుకుంటే, ఫ్రెంచివాడు క్రియకు ముందు ‘స’ అన్న ఏకాక్షరాన్ని ద్వారపాలకుడిలా నిలబెట్టి మరీ చాటుకున్నాడు. కడిగేది ‘లావే’, కడుక్కునేది ‘స లావే’. ఇన్ని సముద్రాల అవతలి జాతికీ తుంగభద్ర ఒడ్డు జాతికీ నడుమ ఇటువంటి రహస్య బాంధవ్యం ఒకటి ఉన్నదని మొట్టమొదట కనిపెట్టినవాడు, కనీసం తాను అలా నమ్మినవాడు, కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఫ్రెంచి చెప్పే రాఘవేంద్రప్రసాద్. రెండువేల ఆరు మే నెలలో ఒక పగటిపూట, కడపలో ఒక కల్యాణమండపంలో, మూడో వరుసలో, తిరగని ఫ్యాను కింద కూర్చుని, ఆ మహాసత్యాన్ని అతడు తన ప్రాణస్నేహితుడు, సాటి ఫ్రెంచి అధ్యాపకుడు మురళి నోట, మైకులో, వింటున్నాడు.

ఇప్పుడు చెప్తాడు. ఇదిగో, నీళ్ళ గ్లాసు అందుకున్నాడు, తాగి చెప్తాడు. ‘ఈ పద్ధతి నాది కాదు, మా ప్రసాదప్పది, అదిగో ఆ మూడో వరుసలో ఉండాడు’ అంటాడు, అందరూ వెనక్కి తిరుగుతారు, తాను సగం లేచి సగం కూర్చుని, అలవాటు లేనివాడు చేసే నమస్కారం ఒకటి చేస్తాడు. ఆ నమస్కారం కోసం ప్రసాద్ చేతులు అప్పటికే ఒళ్ళోంచి కొంచెం పైకి లేచి ఉన్నాయి. మురళి నీళ్ళు తాగాడు, గ్లాసు పెట్టాడు, మూతి తుడుచుకున్నాడు. (తుడుచుకున్నాడు: ‘స’.) “ఇది నేను శానా ఏండ్లు ఆలోచించి పట్టుకున్నది సార్,” అన్నాడు. ప్రసాద్ చేతులు మెల్లగా ఒళ్ళోకి దిగాయి. తొందరపడకూడదు. ‘నేను’ అనడం ఉపన్యాసాల్లో ఒక మర్యాద. పెద్దపెద్ద పండితులు ‘మేము’ అని రాస్తారు, అందులో ఎందరెందరో ఉంటారు. మురళి ‘నేను’లో కూడా ఒక మూల, గోడవారగా, ప్రసాద్ నిలబడి ఉండవచ్చు. వేదిక వెనక గోడకు నిన్నటి పెళ్ళివారి థర్మకోలు అక్షరాలు ఇంకా అంటుకునే ఉన్నాయి. వాటి మీదుగా ‘ఫ్రెంచి అధ్యాపకుల శిక్షణ సదస్సు’ అన్న గుడ్డ కట్టారు గానీ పెళ్ళికూతురి పేరు గుడ్డ కిందినుంచి సగం తొంగిచూస్తూనే ఉంది. పేర్లు అంత సులభంగా పోవు. ఎవరు కప్పినా ఏదో ఒక అంచున బయటపడతాయి.

ఆ మాట అనుకున్నంతసేపు పట్టలేదు, ఒక పేరు బయటపడింది. అతడిది కాదు. “ఉదాహరణకు సార్, సుచరిత అనుకుందాం,” అన్నాడు మురళి. “సుచరిత స లెవ్. సుచరిత లేచింది. సుచరిత స లావ్. సుచరిత ముఖం కడుక్కుంది. సుచరిత స పెఞ్. తల దువ్వుకుంది. సుచరిత స మె ల బొట్టు!” సభ గొల్లుమంది. బొట్టు పెట్టుకుందనడానికి ‘ల బొట్టు’ అన్న ఆ సమాసానికి, ఫ్రెంచి ఉపపదాన్నీ తెలుగు ఐదవతనాన్నీ ఒక పీటమీద కూర్చోబెట్టిన ఆ ఘనకార్యానికి, కర్నూలులో ప్రసాద్ క్లాసులో ఎప్పుడూ ఇంత నవ్వు రాలేదు. ఆ పిల్లలు దాన్ని నోటుపుస్తకంలో రాసుకోవాలా వద్దా అని మాత్రమే అడిగారు. నవ్వు ఇప్పుడు వచ్చింది, కడపలో వచ్చింది, మురళికి వచ్చింది. ప్రసాద్ భార్య పేరు సుచరిత. సూత్రం దొంగిలించిన మనిషి ఉదాహరణలో పేరు మార్చడానికి కూడా బద్ధకించాడు. లోకంలో పేర్లకు కరువా? హిమబిందు అనవచ్చు, ఆరాధన అనవచ్చు. కానీ మురళి ఆ పనికి అరనిమిషం కూడా ఖర్చుపెట్టలేదు. ఇల్లు దోచినవాడు గుమ్మానికున్న తోరణాన్ని అలాగే వదిలేసినట్టు సుచరితను సుచరితగానే వదిలేశాడు, ఇప్పుడు ఆమె ఇంతమంది అధ్యాపకుల ఎదుట లేస్తోంది, ముఖం కడుక్కుంటోంది, తల దువ్వుకుంటోంది. “రాత్రి బొట్టుబిళ్ళ తీసి అద్దానికి అంటిస్తాదనుకోండి, పొద్దున్నే ఆ బిళ్ళనే పెట్టుకుంటాది, అట్ల,” అంటున్నాడు మురళి, చూపుడువేలు నుదుటిమీద పెట్టి. అది నిజం. సుచరిత అలాగే చేస్తుంది. కర్నూలు పాతబస్తీలో వాళ్ళ ఇంట్లో, నీళ్ళతొట్టి పక్కన గోడకు వేలాడే అద్దం మీద, పైన కుడి మూలన, ఎర్రటి బిళ్ళ రాత్రంతా ఉంటుంది. ప్రసాద్ చీకట్లో మంచినీళ్ళకు లేచినప్పుడల్లా ఆ అద్దానికే పెళ్ళయినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి ప్రపంచంలో ఇద్దరికి తెలుసనుకున్నాడు. వేదిక మీద చెప్తున్నవాడు మూడోవాడు.

ఎలా తెలుసు? తెలియకేం, తానే చెప్పాడు. ఏ రహస్యమైనా మురళితో చెప్పకపోతే అది జరిగినట్టే ఉండేది కాదు ప్రసాద్‌కు. ఏటేటా ఎండాకాలం పరీక్ష పేపర్లు దిద్దడానికి పిలుపు వస్తుంది. ఫ్రెంచి పేపర్లు తక్కువ, దిద్దేవారు ఇంకా తక్కువ కనుక ఎవరినీ వదలరు. ఇద్దరూ ఒకే లాడ్జిలో, ఒకే గదిలో, ఒకే బకెట్టుతో ఆ రోజులు గడిపేవారు. పగలంతా దిద్దడం. పేపరు ఫ్రెంచి, జవాబు ఇంగ్లీషులో రాసినా ఒప్పుకునే పద్ధతి, రాసే పిల్లవాడికి రెండూ రావు, దిద్దేవాడికి జాలి. ఈ నాలుగూ కలిసి ఆ రోజుల్లో నూటికి తొంభై ఎనిమిది అనే అద్భుతాన్ని సృష్టించేవి. ఇంటర్‌లో ఫ్రెంచి తీసుకునేది ఫ్రెంచి కోసమని ప్రసాద్ నమ్మిన కాలం ఒకటుంది. బట్టలకొట్టు రామకోటయ్య తన కొడుకును చేర్పించడానికి వచ్చినప్పుడు, “సార్, మావోడు మాట్లాడకపాయినా యేమీ కాదు. ఫ్రెంచిలో మాట్లాడి గుడ్డలు ఎవరికి అమ్మల్ల? సంస్కృతం కంటే మార్కులు ఎక్కువొస్తాయా రావా, అది చెప్పు,” అన్నాడు. ప్రసాద్ ఆ రాత్రి బాధపడ్డాడు. బాధపడ్డాడు అనడానికి ఫ్రెంచిలో ‘స’ కావాలా అని ఆలోచించి, ఆ ఆలోచనలో బాధ మరిచిపోయి నిద్రపోయాడు.

అటువంటి ఒక లాడ్జి పొద్దుననే అది జరిగింది. అద్దం ఒకటే, దాని ముందు మురళి, మూతినిండా నురగ. బయట ప్రసాద్, తువ్వాలు నడుమున, సహనం అంచున. “ఏం చేస్తాండావప్పా అంతసేపు?” అన్నాడు ప్రసాద్. “గడ్డం గీసుకుంటాండా, కనపడల్యా?” అన్నాడు మురళి. గీసుకుంటాండా. గీస్తాండా కాదు. మంగలి గీస్తాడు, మురళి గీసుకుంటాడు. మంగలి ‘రాజ్’, మురళి ‘స రాజ్’. ఆ క్షణాన ప్రసాద్ తువ్వాలు జారిపోయింది. కడుక్కొను, దువ్వుకొను, తొడుక్కొను, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, ఒక్కొక్కటీ తన ఫ్రెంచి కవలను చెయ్యిపట్టుకుని. కొట్టు అంటే ఒకడు ఒకణ్ణి కొట్టడం, కొట్టుకొను అంటే ఇద్దరు ఒకరినొకరు, అక్కడా ‘స’నే! ఇంత పోలిక యాదృచ్ఛికమా? వ్యాకరణశాస్త్రంలో ఇంతటి ఘట్టం తువ్వాలు లేకుండా జరగడం ఉచితం కాదని అతడు దాన్ని మళ్ళీ కట్టుకుని, ఆ రోజంతా పేపర్లు దిద్దుతూ పిచ్చివాడిలా నవ్వుకున్నాడు, అందరికీ రెండేసి మార్కులు ఎక్కువ వేశాడు. సాయంత్రం మురళితో చెప్పాడు, రాత్రి మళ్ళీ చెప్పాడు. మురళి పడుకుని, చెయ్యి కళ్ళమీద అడ్డం పెట్టుకుని, “బాగుండాదప్పా, బాగుండాది, లైటు తీసెయ్,” అన్నాడు. న్యాయంగా ఆలోచిస్తే, ఆ మాట అన్నది మురళే కదా? మాట మురళిది, వినికిడి తనది. అందుకే మురళికి అది తనదే అనిపించిందేమో. నోట్లోంచి వచ్చినది కనుక. కాదు, కాదు, నురగమూతితో ఒక మనిషి ఒక మాట అంటే అది శాస్త్రం కాదు, అది గడ్డం. ప్రసాద్ తనకు తానే వకీలై, ప్రతివాదికి కూడా తానే వకీలై, తీర్పుకోసం వేదిక వైపు చూశాడు. న్యాయమూర్తి చెమట తుడుచుకుంటున్నాడు.

అసలు ఇవ్వాళ ఆ వేదిక మీద నిలబడవలసినది ఎవరు? ఈ సదస్సు పెట్టిన సంఘానికి కార్యదర్శి దావీదురాజు, కడపవాడు, పెద్దమనిషి, కిందటి నెల ఫోను చేసి పిలిచింది ఎవరిని? “ప్రసాద్ సార్, ఈసారి మీరే ఒక క్లాసు చెప్పల్ల, మీ ఇష్టమొచ్చిన పాఠం,” అంటే ఆ రాత్రి సుచరితను కూర్చోబెట్టి ఉపన్యాసమంతా ఒప్పజెప్పింది ఎవరు? మరుసటి ఆదివారం మురళి కర్నూలు వచ్చాడు. సుచరిత బొరుగుల ఉగ్గాని చేసింది, బజ్జీలు వేసింది. మురళి తిన్నాడు, విన్నాడు, బజ్జీ సగంలో ఆపి చాలా దిగులుగా తల ఊపాడు. “వద్దప్పా. నామాట విను. ఆడ ఉండేటోళ్ళంతా మార్కులోళ్ళు. తెలుగుతో ఫ్రెంచి చెప్తాండాడని నగుతారు. ఇన్నేండ్ల నుంచి సంపాదించుకున్న పేరు పాడవుతాది. దావీదురాజు సారుతో నేను చెప్తాలే, నీకు ఒంట్లో బాగలేదని.” ఆ మాటకు ప్రసాద్ కళ్ళు చెమర్చాయి, తన పరువును తనకంటే జాగ్రత్తగా కాపాడే మనిషి ఒకడున్నాడని. సుచరిత మిగిలిన బజ్జీలు పొట్లం కట్టి, “అన్నా, బస్సులో తిను,” అని ఇచ్చింది. పోతూ పోతూ గుమ్మంలో మురళి అన్నాడు: “నీ బదులు నన్నే చెప్పమంటే ఏదో మామూలుగా చెప్తా. నువ్వు మాత్రం రావల్ల. నువ్వు ముందర కూర్చుంటే నాకు ధైర్యం.” అందుకే తెల్లవారుజామున లేచి, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, ఎండతో పాటు బస్సులో ఎక్కుతూ దిగుతూ, ధైర్యం ఇవ్వడానికి వచ్చాడు. ఇస్తున్నాడు. మూడో వరుసలోంచి ధారాళంగా ఇస్తున్నాడు. కిందటి నెల బాగలేని తన ఒంటిని గురించి దావీదురాజు పొద్దున గుమ్మంలోనే పరామర్శించాడు కూడా: “ఇప్పుడెట్ల ఉండారు సార్? కామెర్లంట కదా.” కామెర్లని ప్రసాద్‌కు అప్పుడే తెలిసింది.

ఫ్రెంచిలో ‘త్రోంపే’ అంటే మోసగించు. ‘స త్రోంపే’ అంటే పొరబడు. మోసపోయినవాడు తనను తానే మోసగించుకున్నాడని ఆ భాష తీర్పు; ఎంత సభ్యమైన భాష, మోసగాడి పేరే రాదు అందులో. ఆ సంగతి పాఠం చెప్పేటప్పుడు ప్రసాద్ ఎప్పుడూ మురిసిపోయేవాడు. ఇవ్వాళ మురిపెం రాలేదు. పక్క కుర్చీలో జమ్మలమడుగు నుంచి వచ్చిన జయపాల్ అనే యువ అధ్యాపకుడు ఆహ్వానం కార్డుతో విసురుకుంటున్నాడు. అతడి ఒళ్ళో సదస్సువారు ఇచ్చిన కాగితాలు తెల్లగా ఉన్నాయి, కలం మూత తియ్యలేదు. “బాగ చెప్తాండాడు కదా సార్ మురళి సారు,” అన్నాడు గుసగుసగా. “బాగ చెప్తాండాడు,” అన్నాడు ప్రసాద్. అబద్ధం కాదు. తనకంటే బాగా చెప్తున్నాడు. తాను ఉపోద్ఘాతంలో రోమను సామ్రాజ్యం దాకా వెళ్ళి తిరిగి రాలేకపోయేవాడు. మురళి నేరుగా నీళ్ళతొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. దొంగ ఇంటివాడికంటే ఇల్లు బాగా సర్దితే ఇంటివాడు ఏమని కేకవెయ్యాలి?

అయినా మురళి అటువంటివాడు కాదే. మహానందిలో జరిగినది ఇన్నేళ్ళుగా ఎవరికైనా చెప్పాడా? పేపర్లు దిద్దడం అయిపోయిన ఒక ఏడాది ఇద్దరూ మహానందికి పోయారు. తేట నీళ్ళలో అడుగున పడిన పైసలను చూస్తూ ఒక తెల్లజంట నిలబడి ఉంది. ప్రసాద్ జీవితంలో అప్పటిదాకా ఫ్రెంచి మాట్లాడే మనిషిని చూడలేదు. అతడి ఫ్రెంచి అంతా హైదరాబాదు సాయంకాలపు తరగతుల్లో ఒక తమిళ అయ్యవారి దగ్గర నేర్చినది. పంచె సర్దుకుని, దగ్గి, ‘బొంఝూర్’ అని మొదలుపెట్టి, గౌరవవాచకంతో, ఒక్క తప్పు లేకుండా, ‘మీరు ఈ నీటిలో స్నానమాడుకొనుటకు విచ్చేసితిరా’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని సంపూర్ణంగా పలికాడు. తెల్లాయన చాలాసేపు మర్యాదగా చూసి, తాము హాలండువాళ్ళమని, మరుగుదొడ్డి ఎక్కడని, ఇంగ్లీషులో అడిగాడు. ప్రసాద్ చేత్తో చూపించాడు. తిరిగి వచ్చేదారిలో మురళి నవ్వలేదు. “ఇది నాకాడనే ఉంటాదిలే అప్పా, యాడికీ పోదు,” అన్నాడు. ఉంది. ఇన్నేళ్ళూ ఉంది. అటువంటి అవమానాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసినవాడు ఒక సూత్రం కోసం... మళ్ళీ ఆ పక్షాన వకీలు లేచి నిలబడ్డాడు: చివర్లో చెప్తాడేమో. కొందరు కృతజ్ఞతలు చివర్లోనే చెప్తారు.

చివర వచ్చింది. కృతజ్ఞతలు యాజమాన్యానికి చెప్పాడు, దావీదురాజుకు చెప్పాడు, మైకు సెట్టు అతనికి చెప్పాడు. వెనక వంటశాలలో గరిటెలు మోగుతున్నాయి, సాంబారు పోపు వాసన గుంపుగా హాల్లోకి వచ్చింది. సభ చప్పట్లు కొట్టింది. ప్రసాద్ చేతులు కూడా, యజమానిని అడగకుండా, రెండుసార్లు కలుసుకున్నాయి. దావీదురాజు మైకు అందుకుని, “డౌట్లుంటే అడగండి సార్, తొందరగా, ఇస్తర్లు వేస్తాండారు,” అన్నాడు.

ఎవరికీ సందేహాలు లేవు. ప్రసాద్‌కు ఒకటి ఉంది. అది సందేహం కాదు, ఖడ్గం. ఎందుకంటే మురళి ఎత్తుకుపోయిన ఆ దివ్యసౌధానికి మొదటి మెట్టే విరిగి ఉంది. సుచరిత లేచింది. ఫ్రెంచిలో అక్కడ ‘స’ ఉంది. తెలుగులో ‘కొను’ ఏదీ? లేచుకుంది అని ఎవరూ అనరు. ఆ ఒక్క మాట ప్రసాద్‌ను రెండేళ్ళు నిద్రపోనివ్వలేదు. చివరికి ఒక ఉదయం సుచరిత తమ చిన్నపిల్లను లేపుతుంటే దొరికింది. ఫ్రెంచివాడికి ఉన్నది ‘లేపు’ ఒక్కటే. పాపం, పొద్దున్నే తనను తాను లేపుకోవాలి వాడు. తెలుగువాడికి లేపడానికి వేరే, లేవడానికి వేరే మాటలున్నాయి, కనుక ‘కొను’తో పని లేదు. ఈ ఒక్క రహస్యమే అతడు మురళికి చెప్పలేదు, దాచాలని కాదు, అది దొరికేసరికి మురళి బజ్జీలు తిని వెళ్ళిపోయి ఉన్నాడు. ఇప్పుడు లేచి అడుగుతాడు. మురళికి జవాబు రాదు. సభ చూస్తుంది. తర్వాత తానే జవాబు చెప్తాడు, చెప్పాక ఇక ఎవరూ ఎవరికీ ఏమీ వివరించనక్కర్లేదు. బిడ్డ జబ్బు తెలిసినది కన్నవారికే కదా. ప్రసాద్ లేచాడు. ఎవరో ఇంకో మైకు అందించారు.

మురళి కళ్ళు అతడి మీద పడ్డాయి. ఒక్క క్షణం, ఒక్కటే, నురగ కింది నిజమైన ముఖం కనిపించినట్టయింది. ఆ తర్వాత మురళి నవ్వాడు, రెండు చేతులూ చాచాడు. “అరెరె, మా ప్రసాదప్ప! ఈయప్ప ఎవురో మీకు తెల్దు సార్. కర్నూలు రాఘవేంద్రప్రసాద్ గారు!” పేరు. పూర్తిపేరు, మైకులో, అందరూ వెనక్కి తిరిగి చూస్తుండగా. “మహానందిలో హాలండోళ్ళను పట్టుకోని ఫ్రెంచిలో మాట్లాడినోడు సార్! పాపం వాళ్ళు బాత్రూము యాడ అని అడిగితే...” మిగతాది నవ్వులో కలిసిపోయింది. ‘ల బొట్టు’కు వచ్చిన నవ్వు దీని ముందు ఏపాటిది! దావీదురాజు కూడా కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. జయపాల్ మర్యాదకు తల వంచుకుని భుజాలతో నవ్వాడు. “ఊరికే అంటి, మనసులో పెట్టుకోవాకు. అడుగప్పా, అడుగు,” అన్నాడు మురళి ప్రేమగా.

ప్రసాద్ అడిగాడు. “సుచరిత లేచింది అన్నారు. అక్కడ ఫ్రెంచిలో ‘స’ ఉంది. మన లేచులో ‘కొను’ లేదే. మరి మీ సూత్రం అక్కడ ఎట్లా నిలుస్తుంది?” మీ సూత్రం అన్నాడు. అనేశాక విన్నాడు. అయినా ఫరవాలేదు, కత్తి దిగింది. మురళి నవ్వు ఆగిపోయింది. సుచరిత, సుచరిత అంటూ ఇంతసేపూ తిరిగిన పెదవులు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. పన్నెండేళ్ళ లాడ్జి గది, బకెట్టు, అద్దం, బజ్జీల పొట్లం, అన్నీ వచ్చి నిలబడి మురళి వైపు చూస్తున్నాయి. జవాబు ప్రసాద్ నాలుక చివర సిద్ధంగా ఉంది.

“అంత దూరం మనకెందుకప్పా,” అన్నాడు మురళి, మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ. “ఇది రెండు మార్కుల ప్రశ్న. పిల్లోళ్ళకు ఇదంతా చెప్పే పని ల్యా, ఛాయిస్‌లో వదిలేయమనండి.”

ఆ పూటలో మొదటిసారి హాలంతా కలాల మూతలు తీసిన చప్పుడయింది. జయపాల్ కూడా ‘ఛాయిస్’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, “ఇది చెప్పినాడు సూడండి సార్, ఇది పనికొచ్చేది,” అంటూ భోజనానికి లేచాడు.